జీడి తోటలో గడ్డి మిషన్ మొరాయిస్తోందా? చిన్న పెట్రోల్ ఇంజిన్ ప్రాణం తీసేది ఈ పొరపాట్లే!

వానలు తగ్గాయంటే ఉద్దానంలో బ్రష్ కట్టర్ల మోత మొదలైపోతుంది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి.. ఎటు వెళ్లినా ఇదే సీన్. జీడి చెట్ల కింద నడుము ఎత్తున పెరిగిన తుప్పలు, గడ్డి కొట్టించాలి. చెట్టు పూతకొచ్చి, పిక్క రాలే రోజులు వచ్చేసరికి కింద నేల శుభ్రంగా ఉండాలి. లేదంటే రాలిన పిక్క తుప్పల్లోనే ఉండిపోతుంది. ఏరడానికి కూలీ ఖర్చు పెరుగుతుంది. 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకునే రైతుకు ప్రతి పిక్కా లెక్కే కదా!

అటు విజయనగరం జిల్లాలో మామిడి తోటలు. అక్కడా బ్రష్ కట్టర్లే. వీటికి తోడు వీపున తగిలించుకునే పవర్ స్ప్రేయర్లు, కూరగాయల మడుల్లో చిన్న వీడర్లు. వీటన్నింటిలో ఉండేది అరచేతిలో పట్టేంత సిలిండర్ ఉన్న చిన్న పెట్రోల్ ఇంజిన్. బ్రష్ కట్టర్‌లో అయితే సాధారణంగా 25 సీసీ నుంచి 50 సీసీ మధ్య ఉంటుంది. అంటే మన బైక్ ఇంజిన్‌లో సగం కూడా లేదు. కానీ పని మాత్రం ఫుల్ రేసు మీద, మండుటెండలో, దుమ్ములో, గంటల తరబడి.

సరిగ్గా పని ఉన్న రోజే ఇవి మొరాయిస్తాయి. తాడు లాగి లాగి చెయ్యి పడిపోతుంది కానీ ఇంజిన్ అందుకోదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే 'బోరు పోయింది, పిస్టన్ మార్చాలి' అంటాడు. మిషన్ షాపులో ఉన్నన్నాళ్లూ కూలీలకు పని లేదు, తోటలో గడ్డి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కంపెనీది తప్పు అనుకుంటాం. చాలా సందర్భాల్లో అసలు కారణం పెట్రోల్ డబ్బాలోనో, ఎయిర్ ఫిల్టర్‌లోనో ఉంటుంది.

ముందు ఇది తేల్చుకోండి: మీది టూ స్ట్రోకా? ఫోర్ స్ట్రోకా?

ఇది తెలియకుండా మిగతాది ఎంత చెప్పినా వేస్ట్. ఇంజిన్‌కు ఆయిల్ పోయడానికి విడిగా మూత ఉంటే అది ఫోర్ స్ట్రోక్. విడిగా ఆయిల్ మూత లేకుండా, పెట్రోల్ ట్యాంక్ ఒక్కటే ఉంటే టూ స్ట్రోక్. ట్యాంక్ మూత మీద పెట్రోల్ బంకు బొమ్మ, పక్కనే ఆయిల్ చుక్క గుర్తు ఉంటే పెట్రోల్‌లో ఆయిల్ కలపమని అర్థం.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ నిల్వ ఉండే చోటంటూ ఉండదు. పెట్రోల్, గాలి మిశ్రమం ముందు క్రాంక్ గదిలోకి వెళ్తుంది. అక్కడ బేరింగులను, పిస్టన్‌ను తడిపి, ఆ తర్వాత పైకి వెళ్లి మండుతుంది. ఆ తడి ఇచ్చేది పెట్రోల్‌లో మనం కలిపిన ఆయిలే. కలపకుండా పోశారా.. ఇనుముకి ఇనుము ఒరుసుకుని నిమిషాల్లోనే పిస్టన్ పట్టేస్తుంది. మన దగ్గర 'సీజ్ అయిపోయింది' అంటారు చూడండి, అదే. తోటకు కొత్త కూలీ వచ్చి, బైక్‌లో పోసినట్టే బాటిల్‌లోని పెట్రోల్ నేరుగా పోసేస్తే ఆ ఇంజిన్ కథ ఆ పూటతో ముగిసినట్టే. అందుకే ఆయిల్ కలిపిన డబ్బా మీద పెయింట్‌తో పెద్దగా రాసిపెట్టండి. ఖర్చు లేని పని, వేల రూపాయలు మిగులుస్తుంది.

ఫోర్ స్ట్రోక్ అయితే బైక్ లాగే. పెట్రోల్ విడిగా, ఇంజిన్ ఆయిల్ విడిగా. అయితే బైక్‌లో లీటరు దాకా పట్టే ఆయిల్, ఇందులో చిన్న టీ గ్లాసుడు! ఉదాహరణకు మన రైతుల దగ్గర కనిపించే హోండా జీఎక్స్35 ఇంజిన్‌లో పట్టేది 100 మిల్లీలీటర్లే. అంత తక్కువలో కొంచెం కాలిపోయినా, కారిపోయినా మిగిలేది ఏముంది? అందుకే రోజూ తాడు లాగే ముందు మిషన్‌ను చదునైన చోట పెట్టి, ఆయిల్ మూత తీసి, లెవెల్ చూసుకోవాలి. ఈ ఇంజిన్‌కు మొదటి ఆయిల్ మార్పు నెలకు లేదా 10 గంటలకు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి లేదా 50 గంటలకోసారి. సీజన్‌లో రోజుకు ఐదు గంటలు నడిపితే 50 గంటలంటే పది రోజులే. 'మొన్నే కదా మార్చాం' అనుకుంటే లాభం లేదు, గంటలు లెక్కపెట్టాలి. గోడ మీద బొగ్గుతో గీతలు గీసినా సరిపోతుంది.

ఎక్కువ పోసినా తంటానే. లెవెల్ దాటితే ఆయిల్ పైకెక్కి తెల్లటి పొగ వస్తుంది, ప్లగ్ నల్లగా అయిపోతుంది.

ఆయిల్ ఎంత కలపాలి? 'కళ్లతో కొలత' వద్దు

టూ స్ట్రోక్ వాళ్లకే ఈ భాగం. మిషన్ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్. 40:1 అంటే 25 మిల్లీలీటర్లు. 25:1 అంటే 40 మిల్లీలీటర్లు. ఐదు లీటర్ల డబ్బాకు 50:1 లెక్కన 100, 25:1 లెక్కన 200 మిల్లీలీటర్లు పడుతుంది. ఏ నిష్పత్తి అన్నది కంపెనీని బట్టి, వాడే ఆయిల్‌ను బట్టి మారుతుంది. కాబట్టి పక్కింటి వాళ్ల మిషన్ లెక్క మీ మిషన్‌కు పెట్టకండి.

కొలతకు మందుల షాపులో దొరికే సిరంజి చాలు. మూతతో కొలవడం, 'కొంచెం ఎర్రగా వచ్చేదాకా' పోయడం.. ఇవే ఇంజిన్లను చంపేది. తక్కువైతే పట్టేస్తుంది. మరి ఎక్కువైతే మంచిదే కదా అంటారా? కాదు. ఎక్కువైన ఆయిల్ పూర్తిగా కాలదు. ప్లగ్ మీద, సైలెన్సర్ రంధ్రంలో మసిగా పేరుకుంటుంది. పొగ ఎక్కువ, పవర్ తక్కువ.

ఇంకో మాట. బైక్‌లో పోసే ఫోర్ స్ట్రోక్ ఆయిల్‌ను పెట్రోల్‌లో కలపకూడదు. అది మండి పోవడానికి చేసింది కాదు. గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజిన్ల కోసమని డబ్బా మీద రాసి ఉన్న 2టీ ఆయిలే వాడాలి. అలాగే 2టీ ఆయిల్‌ను ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్ మూతలో పోయడం కూడా తప్పే. రెండు రకాల మిషన్లూ ఉన్న ఇళ్లల్లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ.

కలిపేటప్పుడు ముందు సగం పెట్రోల్ పోసి, ఆయిల్ వేసి, బాగా గిలక్కొట్టి, మిగతా పెట్రోల్ పోసి మళ్లీ గిలక్కొట్టాలి. ఇదంతా డబ్బాలోనే. ట్యాంక్‌లో పెట్రోల్ పోసి పైన ఆయిల్ వేస్తే కలవదు. డబ్బా రెండు రోజులు కదలకుండా ఉంటే, పోసే ముందు ఇంకోసారి ఊపండి.

ఈ20 పెట్రోల్‌తో కొత్త చిక్కు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో జరిగిన ఇండియా ఎనర్జీ వీక్‌లో ప్రధాని మోదీ ఈ20 పెట్రోల్‌ను ప్రారంభించారు. అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2030కి అనుకున్న లక్ష్యాన్ని కేంద్రం ముందుకు జరిపింది. 2025 కల్లా దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాత బైకులు, కార్లకు ఏమవుతుందోనని దేశమంతా చర్చ నడిచింది. గడ్డి మిషన్ గురించి మాట్లాడింది మాత్రం తక్కువే.

చిన్న ఇంజిన్లకు ఇది ఇంకా సున్నితమైన వ్యవహారం. చాలా కంపెనీల పుస్తకాల్లో 10 శాతం వరకే ఇథనాల్ ఉన్న పెట్రోల్ వాడమని రాసి ఉంటుంది. ఎందుకంటే ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కనే ఉన్న ఉద్దానంలో, భావనపాడు, కళింగపట్నం వైపు గాలిలో తేమకు కొదవేముంది? మూత వదులుగా ఉన్న డబ్బాలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంక్‌లో నెలల తరబడి ఉన్న పెట్రోల్ నెమ్మదిగా నీటిని పట్టుకుంటుంది. వాన నీళ్ల చుక్కలు పడితే ఇంకా తొందరగా.

కొంతవరకు ఆ నీరు పెట్రోల్‌లోనే కలిసి ఉంటుంది. హద్దు దాటితే మాత్రం ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు దిగిపోతాయి. పైన పెట్రోల్. టూ స్ట్రోక్ వాళ్లకు ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. మనం కలిపిన ఆయిల్ పైన ఉన్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. ట్యాంక్‌లో పైపు పీల్చుకునేది అడుగు నుంచి. అంటే ఇంజిన్‌లోకి వెళ్లేది ఆయిల్ లేని నీళ్ల ఇథనాల్! కొలత ప్రకారం ఆయిల్ కలిపినా ఇంజిన్ పట్టేసిందని తల పట్టుకునే వాళ్లు ఒకసారి ఇది కూడా అనుమానించాలి.

చెక్ చేయడం తేలికే. డబ్బా అడుగున ఉన్న పెట్రోల్‌ను ఒక గాజు సీసాలోకి వంచి, నీడలో కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరలా, గీత గీసినట్టు కనిపిస్తే ఆ పెట్రోల్ పనికిరాదు. ఊపి కలిపేసి వాడదామని అనుకోవద్దు, మళ్లీ విడిపోతుంది.

ఇథనాల్ రబ్బరును కూడా మెత్తబరచడమో, బిగుసుకుపోయేలా చేయడమో చేస్తుంది. బ్రష్ కట్టర్ కార్బ్యురేటర్‌లో కాగితంలా పల్చటి డయాఫ్రం ఉంటుంది. మిషన్‌ను ఎటు వంచినా పెట్రోల్ అందేది దీనివల్లే. అది బిగుసుకుపోతే ఇంజిన్ స్టార్ట్ అయి, రేస్ ఇవ్వగానే ఆగిపోతుంది. పెట్రోల్ పైపులు, ట్యాంక్ మీది బుడగ లాంటి ప్రైమర్ కూడా అంతే. పగుళ్లు కనిపిస్తే మార్చేయడమే, ఇవి పెద్ద ఖర్చు కాదు.

మరి బంకులో దొరికేదే ఈ20 అయితే రైతు ఏం చేయాలి? నిల్వ పెట్టకపోవడమే చేతిలో ఉన్న పని. వారానికి సరిపడా మాత్రమే తెచ్చి కలపండి. నెల దాటింది వద్దు. నీళ్ల బాటిళ్లలో పెట్రోల్ పట్టించి ఎండలో పెట్టే అలవాటు మానాలి. అది నిబంధనలకు విరుద్ధం, పైగా ప్రమాదం. మూత గట్టిగా బిగిసే, పెట్రోల్ కోసమే చేసిన డబ్బా వాడాలి. పని అయిపోయాక ట్యాంక్ ఖాళీ చేసి, మిగిలింది ఆగిపోయేదాకా ఇంజిన్ నడిపేయాలి.

ఉద్దానం ఇసుక.. ఎయిర్ ఫిల్టర్‌కు శత్రువు

తీరం పక్క ఇసుక నేలలు. బ్లేడు తిరిగినప్పుడు గడ్డితో పాటు సన్నటి ఇసుక కూడా లేస్తుంది. ఆ గాలినే ఇంజిన్ పీల్చుకుంటుంది. మధ్యలో అడ్డం ఉన్నది ఒక్క ఎయిర్ ఫిల్టరే. అది చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా ఇసుక నేరుగా సిలిండర్‌లోకి వెళ్లి గీతలు పెడుతుంది. కంప్రెషన్ పడిపోతుంది. తాడు లాగితే ఏ అడ్డూ లేకుండా తేలిగ్గా వచ్చేస్తోందంటే అనుమానించాల్సిందే.

ఫిల్టర్ మూసుకుపోతే ఇంకో బాధ. గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువై నల్లటి పొగ, పవర్ డౌన్. అప్పుడు చాలామంది చేసే పని ఏంటో తెలుసా? ఫిల్టర్ పీకేసి నడపడం! 'ఇప్పుడు చూడు ఎలా పరుగెడుతోందో' అని మురిసిపోతారు. రెండు రోజులు పరుగెడుతుంది, అంతే.

స్పాంజి ఫిల్టర్ అయితే ఏ రోజు పని అయ్యాక ఆ రోజే తీసి చూడాలి. సబ్బు నీళ్లలో పిసికి కడిగి, పిండి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. పుస్తకంలో ఆయిల్ పట్టించమని ఉంటే రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి పిండి పెట్టాలి. పేపర్ ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు. మెల్లగా తట్టి దుమ్ము దులపాలి, మరీ పాడైతే మార్చాలి. సీజన్ ముందే ఒక ఫిల్టర్ ఎక్స్‌ట్రా కొని పెట్టుకోవడం తెలివైన పని. పలాస నుంచో విజయనగరం నుంచో అది తెప్పించేసరికి ఒక రోజు పోతుంది.

ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కల్లాంటి ఫిన్స్ మధ్య గడ్డి తుక్కు ఇరుక్కుంటుంది. ఇంజిన్ చల్లబడేది ఆ రెక్కల మీదుగా వీచే గాలితోనే. అక్కడ మెత్త కట్టేస్తే ఇంజిన్ వేడెక్కి పోతుంది. పాత టూత్ బ్రష్ చాలు, చల్లారాక దులిపేయండి. నీళ్లు కొట్టొద్దు.

ప్లగ్ చూస్తే సగం రోగం తెలుస్తుంది

ప్లగ్ విప్పి చూడండి. ఇటుక రంగు, గోధుమ రంగు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది లేదా ఫిల్టర్ మూసుకుంది. తెల్లగా కాలినట్టు ఉంటే ఇంజిన్‌కు పెట్రోల్ తక్కువ అందుతోంది, వేడి ఎక్కువవుతోంది. ఈ మూడోది ప్రమాదకరం, అలా నడపకుండా మెకానిక్‌కు చూపించాలి. ప్లగ్ మొనల మధ్య సందు చాలా చిన్న ఇంజిన్లలో 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు.

చోక్ వేసి తాడు లాగి లాగి పెట్రోల్ ముంచెత్తేస్తే? ప్లగ్ తీసి, స్విచ్ ఆఫ్ చేసి, చోక్ తెరిచి నాలుగైదు సార్లు తాడు లాగండి, లోపలున్న పెట్రోల్ బయటకు వచ్చేస్తుంది. ప్లగ్ తుడిచి ఆరాక బిగించండి. బీడీ, సిగరెట్ వెలిగించుకుని ఈ పని చేసేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే ట్యాంక్‌లో పైపు చివర బరువుగా వేలాడే ఫ్యూయల్ ఫిల్టర్ చూడండి. వంచిన తీగతో బయటకు లాగితే వస్తుంది. నల్లగా జిగురు పట్టి ఉంటే కొత్తది వేయాలి.

ఇంజిన్ బాగుంటే చాలదు

బ్లేడు దగ్గరి గేర్ బాక్స్‌ను మనవాళ్లు మర్చిపోతారు. దాని పక్కన చిన్న బోల్ట్ ఉంటుంది. అది విప్పి 20, 25 గంటలకోసారి గ్రీజు పెట్టాలి. చేతికి అంటుకోలేనంత వేడెక్కుతోందంటే లోపల గ్రీజు అయిపోయినట్టే. బ్లేడు నట్టు చాలా మిషన్లలో ఎడమ మరతో ఉంటుంది. మామూలు నట్టులా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. తెలియక సుత్తి పెట్టి కొట్టి షాఫ్ట్ వంచుకునేవాళ్లు ఉన్నారు.

బ్లేడు మీద చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ ఆపి ప్లగ్ వైరు పీకాలి. పగిలిన, వంగిన బ్లేడును వెల్డింగ్ పెట్టించి వాడకండి, ఆ వేగంలో ముక్క విరిగితే బుల్లెట్‌లా వస్తుంది. తోటలో రాళ్లు, పాత కంచె తీగలు, కొబ్బరి మొద్దులు గడ్డిలో దాక్కుని ఉంటాయి. బ్లేడు తగిలితే మిషన్ పక్కకు తన్నుతుంది. నడిపే మనిషికి చుట్టూ 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. లుంగీ ఎగ్గట్టి, చెప్పులతో కొట్టే దృశ్యం మన దగ్గర మామూలే కానీ, కన్ను పోతే ఏ మెకానిక్ బాగుచేస్తాడు?

మార్చి, ఏప్రిల్‌లో జీడి ఆకు ఎండి పరుపులా పరుచుకుంటుంది. వేడి సైలెన్సర్ ఉన్న మిషన్‌ను దాని మీద పెట్టొద్దు. పెట్రోల్ అయిపోతే నేల మీద ఆకులు తీసేసిన చోటికి తెచ్చి, ఐదు పది నిమిషాలు చల్లారాకే పోయాలి. పోసిన చోటే స్టార్ట్ చేయకుండా కొంచెం దూరం జరగాలి. ఒక్క నిప్పు రవ్వ ఏళ్ల తరబడి పెంచిన తోటను తగలబెట్టేస్తుంది.

తుపాను రోజుల్లో అక్కరకు రావాలంటే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటితే విజయనగరం, శ్రీకాకుళం కూడా అల్లాడాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రోడ్ల మీద చెట్లు, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చెట్లు కోసే చైన్ సా, నీళ్ల మోటారు నడిపే చిన్న జనరేటర్ ఊరికి ప్రాణం. అదే రోజు అవి స్టార్ట్ కాకపోతే?

ఏడాదంతా మూలన పడేసే ఈ మిషన్లకే నిర్వహణ ఎక్కువ కావాలి. పెట్టే ముందు ట్యాంక్ ఖాళీ చేయండి. కార్బ్యురేటర్ ఎండేదాకా నడపండి. ప్లగ్ తీసి రంధ్రంలో ఒక చెంచా కన్నా తక్కువ ఆయిల్ వేసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించండి. ఉప్పు గాలికి బ్లేడు, చైను తుప్పు పట్టకుండా ఆయిల్ రాయండి. సెప్టెంబరు వచ్చేసరికి కొత్త పెట్రోల్ పోసి ఒకసారి నడిపి చూడండి, తుపాను హెచ్చరిక వచ్చాక కాదు.

చైన్ సాకు ఇంకో ఆయిల్ ట్యాంక్ ఉంటుంది, అది చైను కోసం. పెట్రోల్ నింపిన ప్రతిసారీ అది కూడా నింపాలి. అది ఖాళీ అయితే చైను, బార్ రెండూ కాలిపోతాయి.

జనరేటర్‌ను మాత్రం వాన పడుతోందని ఇంట్లోకి, వరండాలోకి, తలుపులు వేసిన షెడ్డులోకి తేకండి. పెట్రోల్ ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనుషుల ప్రాణం తీస్తుంది. ఇంటికి దూరంగా, కిటికీలకు ఎదురుగా కాకుండా, పైన రేకు అడ్డం పెట్టి నాలుగు వైపులా గాలి ఆడేలా నడపాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టు అనిపిస్తే వెంటనే అందరూ బయటకు వచ్చేయాలి. 108కి ఫోన్ చేయాలి.

ఇక మార్చిన పాత ఆయిల్ సంగతి. బావి గట్టున, కాలువలో పారబోయకండి. తాగునీటి బాధలు ఉద్దానానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. డబ్బాలో పోసి ఉంచి, ఈసారి మెకానిక్ షెడ్డుకు వెళ్లినప్పుడు వాళ్ల వాడిన ఆయిల్ డ్రమ్ములో పోసేయండి.